పాఠశాలలో విద్యార్థుల ఫోన్లను ఎలా కట్టడి చేయాలి, ఆ సంగతి తల్లిదండ్రులకు ఎలా తెలియజేయాలి?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు క్లుప్తంగా చెబుతాను. మీ ఉన్నత పాఠశాలలో వచ్చే విద్యా సంవత్సరం నుంచి విద్యార్థుల సెల్‌ఫోన్ల వాడకంపై కట్టుదిట్టమైన నియమం తేవాలని ప్రిన్సిపాల్ నిర్ణయించారు. వారం వారం తల్లిదండ్రులకు వెళ్లే న్యూస్‌లెటర్ బాధ్యత మీదే కనుక ఆ కబురు చెప్పే పని కూడా మీ మీదే పడింది. ఫోన్లను పిల్లల సంచుల్లోనే ఉండనివ్వాలా, ఉదయమే తీసుకుని భద్రపరచాలా అన్నది మీ మొదటి సందేహం. ‘అవసరం పడితే మా బిడ్డతో ఎలా మాట్లాడాలి’ అని అడిగే తల్లిదండ్రులకు ఏం చెప్పాలన్నది రెండోది. న్యూస్‌లెటర్‌లో ఏం రాస్తే ఇది గొడవగా మారకుండా ఉంటుందన్నది మూడోది.

ముందు సూటిగా జవాబు చెబుతాను. మొదటి గంట మోగినప్పటి నుంచి చివరి గంట వరకు, మధ్యాహ్న విరామంతో సహా, ఫోను స్విచాఫ్ చేసి పిల్లల చేతికి అందని చోట ఉంచాలి. సంచిలో ఉంచనివ్వడం కన్నా తరగతివారీగా తీసుకుని భద్రపరచడం మేలు. అయితే ఈ నియమాన్ని ప్రకటించే ముందు మీ పాఠశాల ఆఫీసు ఫోను ఎవరు ఎత్తుతున్నారో, తల్లిదండ్రులు చెప్పిన మాట బిడ్డకు ఎంతసేపట్లో చేరుతోందో చూసి సరిచేసుకోండి. చాలా ఏళ్లు ప్రధానోపాధ్యాయ బాధ్యతల్లో ఉండి, ఆ తర్వాత ఇతర పాఠశాలలకు ఈ విషయంలో సలహాలిస్తూ వచ్చిన అనుభవంతో చెబుతున్నాను: ఇంటికీ బడికీ మధ్య కబురు సరిగా నడవని చోటనే ఫోన్ల నియమం నీరుగారిపోతుంది. కాబట్టి న్యూస్‌లెటర్ పనినీ ఫోన్ల కట్టడినీ మీరు ఒకే పనిగా చూడడం మంచిది.

ఇలా ఎందుకంటున్నానో ఒక ఉదాహరణతో చెబుతాను. నియమం తెచ్చే ముందు మా పాఠశాలలో పై తరగతుల పిల్లలకు తలా ఒక తెల్ల కాగితం ముక్క ఇచ్చి, పేరు రాయకుండా, బడి వేళల్లో తమకు చివరగా వచ్చిన ఫోను గానీ మెసేజి గానీ ఎవరిదో, దేని గురించో రాయమన్నాం. స్నేహితుల పేర్లే ఎక్కువగా కనిపిస్తాయని స్టాఫ్ రూమ్‌లో అందరూ అనుకున్నారు. కాగితాలు విప్పి చూస్తే ‘అమ్మ’, ‘నాన్న’ అనే మాటలే వరుసగా కనిపించాయి. ‘తిన్నావా’, ‘సాయంత్రం బాబాయి వస్తాడు, గేటు దగ్గరే ఉండు’, ‘పరీక్ష ఎలా రాశావు’, ‘తాళం పక్కింట్లో ఇచ్చాను’ వంటివి ఆ కబుర్లు. వాటిలో వెంటనే చెప్పి తీరవలసినవి చాలా తక్కువ. కానీ అవి ఏవీ పనికిమాలిన కబుర్లు కావు. ఆ కబుర్లకు మరో దారి చూపించకుండా ఫోను తీసేసుకుంటే తల్లిదండ్రులు నియమానికి ఎదురు తిరుగుతారు. పైకి ఏమీ అనని వాళ్లు కూడా, ‘నీ దగ్గర రెండో ఫోను ఉంచుకో, టీచరుకు చెప్పకు’ అని బిడ్డకు చాటుగా నేర్పుతారు.

అందుకే ఆఫీసులో ఒక చీటీల పుస్తకం పెట్టుకోవాలని అడిగిన ప్రతి పాఠశాలకూ చెబుతుంటాను. ఫోను ఎత్తిన వ్యక్తి విద్యార్థి పేరు, తరగతి, చెప్పవలసిన మాట, ఫోను వచ్చిన సమయం రాసి, చీటీ చింపి పంపుతారు. దాని నకలు పుస్తకంలో మిగులుతుంది. ఆసుపత్రి, ప్రమాదం, ఇంట్లో మరణం వంటివైతే చీటీ కోసం ఆగకుండా విద్యార్థిని ఆఫీసుకు పిలిపించి మాట్లాడించాలి. మిగతావి ఆ పీరియడ్ పూర్తయ్యాక చేరితే చాలు. ఇంటికి తీసుకువెళ్లే మనిషి మారితే ఆ సంగతి చివరి పీరియడ్ మొదలయ్యేలోపు చెప్పాలని గడువు పెట్టండి, లేకపోతే సాయంత్రం గంట కొట్టే వేళకు చీటీలు పట్టుకుని తరగతుల మధ్య పరుగెత్తవలసి వస్తుంది. నియమం మొదలైన తొలి రోజుల్లో ఆఫీసు ఫోను ఎడతెరిపి లేకుండా మోగుతుంది. ఆ రోజుల కోసం అదనంగా ఒక మనిషిని, వీలైతే రెండో లైనును ఏర్పాటు చేయండి. చెప్పిన మాట బిడ్డకు చేరుతోందని నమ్మకం కుదిరాక ‘తిన్నావా’ వంటి ఫోన్లు వాటంతట అవే తగ్గిపోతాయి.

కబురుకు మరో దారి చూపించకుండా ఫోన్లు నిషేధిస్తే ఏమవుతుందో చెప్పడానికి న్యూయార్క్ నగరం ఒక మంచి ఉదాహరణ. అక్కడి ప్రభుత్వ పాఠశాలల్లో 2006 ప్రాంతం నుంచి ఫోన్లను గట్టిగా నిషేధించారు. గేటు దగ్గర మెటల్ డిటెక్టర్లు ఉన్న పాఠశాలల పిల్లలు రోజుకు సుమారు ఒక డాలరు చెల్లించి, బయట ఆగి ఉండే వ్యాన్లలో ఫోన్లు దాచుకునేవారు. డిటెక్టర్లు లేని చోట ఫోను జేబులో పెట్టుకుని వెళ్లినా అడిగేవారు తక్కువ. పిల్లలతో మాట్లాడే వీలు లేకుండా పోయిందని తల్లిదండ్రులు ఏళ్ల తరబడి వాదించారు. చివరకు 2015లో ఆ నిషేధాన్ని ఎత్తివేశారు. పదేళ్లు తిరిగేసరికి, 2025-26 విద్యా సంవత్సరం నుంచి, న్యూయార్క్ రాష్ట్రమంతటా మొదటి గంట నుంచి చివరి గంట వరకు స్మార్ట్‌ఫోన్లు వద్దని చట్టం వచ్చింది. ఈసారి ఆ చట్టంలోనే, అవసరమైనప్పుడు తల్లిదండ్రులు పిల్లలను చేరుకునే మార్గాన్ని పాఠశాల చూపించాలన్న షరతు కూడా ఉంది. మొదటి నిషేధంలో లోపించినది ఏమిటో ఆ ఒక్క షరతును బట్టి తెలుసుకోవచ్చు.

ఇక ‘పాఠం జరిగేటప్పుడు వద్దు, విరామంలో వాడుకోవచ్చు’ అనే మధ్యేమార్గం గురించి చెబుతాను. వినడానికి ఇది ఉదారంగా ఉంటుంది. అమలులో మాత్రం రోజుకు ఏడెనిమిదిసార్లు, ప్రతి పీరియడ్ మొదట్లోనూ, ఫోను లోపల పెట్టించే పని వచ్చే ప్రతి ఉపాధ్యాయుని మీదా పడుతుంది. కొందరు పట్టుబడతారు, కొందరు చూసీచూడనట్టు పోతారు. పిల్లలు ఎవరి పీరియడ్‌లో ఏది నడుస్తుందో వారం తిరగకముందే కనిపెడతారు. పట్టుబట్టే ఉపాధ్యాయులు చెడ్డవాళ్లవుతారు. అంతేకాక విరామంలో మొదలైన ఒక వాదన, ఒక ఫొటో మీద వచ్చిన ఒక ఎగతాళి మాట, తర్వాతి పీరియడ్ అంతా ఆ విద్యార్థి మనసులో తిరుగుతూనే ఉంటుంది. ఫోను సంచిలో ఉన్నా అతని ధ్యాస దాని మీదే ఉంటుంది. అమెరికాలో 11 నుంచి 17 ఏళ్ల వయసు పిల్లల ఫోన్లను పరిశీలించి కామన్ సెన్స్ మీడియా అనే స్వచ్ఛంద సంస్థ 2023లో వెలువరించిన నివేదికలో, సగం మందికి రోజుకు 237 లేదా అంతకన్నా ఎక్కువ నోటిఫికేషన్లు వస్తున్నాయని, వాటిలో సుమారు నాలుగో వంతు బడి వేళల్లోనే వస్తున్నాయని తేలింది. ఇన్ని పిలుపులను తట్టుకుని పాఠం వినమని పన్నెండేళ్ల బిడ్డను కోరడం న్యాయం కాదని నా అభిప్రాయం.

పరిశోధనల గురించి తల్లిదండ్రుల సమావేశంలో తప్పకుండా అడుగుతారు కనుక ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి సిద్ధంగా ఉండండి. 15 ఏళ్ల విద్యార్థులకు అంతర్జాతీయంగా జరిపే పీసా పరీక్షల సందర్భంగా 2022లో ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాల కూటమి) దేశాల విద్యార్థులను అడిగినప్పుడు, కనీసం కొన్ని గణితం తరగతుల్లోనైనా డిజిటల్ పరికరాల వల్ల తమ ధ్యాస చెదురుతోందని సగటున 65 శాతం మంది చెప్పారు. పక్కవారి పరికరాల వల్ల తమ దృష్టి మళ్లుతోందన్నవారు 59 శాతం. ఈ రెండో అంకె నాకు ముఖ్యమైనదిగా తోస్తుంది, ఎందుకంటే ‘మా అబ్బాయి ఫోను మా ఇష్టం’ అనే వాదనకు అదే సమాధానం. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ 2015లో ప్రచురించిన ఒక అధ్యయనంలో ఇంగ్లండ్‌లోని నాలుగు నగరాలకు చెందిన 91 పాఠశాలలను పరిశీలించారు. ఫోన్లు నిషేధించాక చదువులో వెనుకబడిన పిల్లల మార్కులు ఎక్కువగా మెరుగుపడ్డాయని, బాగా చదివేవారిలో చెప్పుకోదగిన మార్పు లేదని అందులో తేలింది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 30 పాఠశాలల్లో 1,227 మంది విద్యార్థులను పరిశీలించి 2025లో వెలువరించిన ఫలితాల ప్రకారం, ఫోన్లను కట్టడి చేసే పాఠశాలలకూ అనుమతించే పాఠశాలలకూ మధ్య పిల్లల మానసిక క్షేమంలో తేడా కనిపించలేదు. ఫోను మీద ఎక్కువ కాలం గడపడం మాత్రం నిద్ర, ప్రవర్తన, మానసిక స్థితి బాగా లేకపోవడంతో ముడిపడి ఉంది. బడిలో కట్టడి చేసినంత మాత్రాన రోజు మొత్తం మీద ఫోను వాడకం అంతగా తగ్గడం లేదని దీని అర్థం. కాబట్టి మీ న్యూస్‌లెటర్‌లో ‘ఈ నియమంతో మీ బిడ్డ ఆందోళన తగ్గుతుంది, నిద్ర బాగుపడుతుంది’ అని రాయకండి. పాఠం జరిగే వేళను కాపాడుకోవడానికి ఈ నియమం అని మాత్రమే రాయండి. నిలబెట్టుకోగల మాట అదే.

ఇప్పుడు మీ మొదటి సందేహానికి వస్తాను. సంచిలో ఉంచనివ్వడం ఖర్చు లేని పద్ధతి, పాఠశాల మీద బాధ్యత పడని పద్ధతి; అందుకే చాలామంది దానితో మొదలుపెట్టి ఏడాదిలోగా వదిలేస్తారు. సంచి కాలి దగ్గరే ఉంటుంది, చేయి కిందికి వెళ్లడానికి క్షణం పట్టదు. తాళం పడే అయస్కాంతపు సంచులు కొన్ని దేశాల్లో బాగా వాడుకలో ఉన్నాయి. ఫోను విద్యార్థి దగ్గరే ఉంటుంది కానీ గేటు దగ్గరి పరికరానికి తాకిస్తే తప్ప సంచి తెరుచుకోదు. వాటికి ఖర్చు ఎక్కువ, పైగా బలమైన అయస్కాంతం సంపాదించి తెరిచే ఉపాయాలు పిల్లలకు త్వరగానే తెలిసిపోతాయి. విద్యార్థికొక లాకరు ఉన్న పాఠశాలలకు ఏ చిక్కూ లేదు. లాకర్లు లేని చోట మొదటి పీరియడ్‌లో హాజరు తీసుకునేటప్పుడే ఫోన్లూ తీసుకోవడం అన్నిటికన్నా తేలిక అని నేను గమనించాను.

తరగతికి ఒక పెట్టె, అందులో రోల్ నంబర్లు వేసిన అరలు ఉండాలి. విద్యార్థి తానే ఫోను స్విచాఫ్ చేసి, తానే తన అరలో పెట్టాలి, సాయంత్రం తానే తీసుకోవాలి. ఉపాధ్యాయులు ఫోనును చేత్తో ముట్టుకోకపోవడం ఎంత మేలో, ‘ఇచ్చినప్పుడు గాజు పగల్లేదు సార్’ అనే మాట ఒక్కసారి వింటే అర్థమవుతుంది. మొదటి రోజే ప్రతి ఫోను మీద అంతకుముందే ఉన్న పగుళ్లు, గీతలు విద్యార్థి చేతనే రిజిస్టరులో రాయించి సంతకం చేయించండి. పెట్టె తరగతి గదిలో ఉండకూడదు; మొదటి పీరియడ్ కాగానే ఆఫీసులో తాళం వేసిన బీరువాలోకి చేరాలి. పాఠశాల ఆధీనంలో ఉన్నప్పుడు ఫోను పోతే నష్టానికి ఎవరు బాధ్యులన్నది యాజమాన్యంతో ముందే తేల్చి రాతపూర్వకంగా పెట్టుకోవాలి. ఆ సంగతి తేలకుండా ఫోన్లు తీసుకోవడం మొదలుపెట్టవద్దు.

పిల్లల ఉపాయాలు కూడా కొన్ని చెబుతాను, ముందే తెలిసి ఉంటే కంగారు పడరు. ఇంట్లో మూలన పడి ఉన్న చచ్చిన ఫోను తెచ్చి అరలో పెట్టి, అసలు ఫోను జేబులో ఉంచుకోవడం అన్నిటికన్నా మామూలుది. పెట్టేటప్పుడు ఒకసారి తెర వెలిగించి, ఆ తర్వాత స్విచాఫ్ చేయమంటే దీనికి చాలా వరకు అడ్డుకట్ట పడుతుంది. స్మార్ట్ వాచీలను నియమంలో పేరు పెట్టి చేర్చండి, లేకపోతే ‘ఫోను అన్నారు, వాచీ అనలేదు’ అనే వాదన మొదటి రోజే వస్తుంది. ‘ఈ రోజు ఫోను తేలేదు’ అనేవారి మాట నమ్మండి. అబద్ధమని తేలిన రోజు దాని పర్యవసానం వేరుగా ఉంటుంది. అంతేగానీ రోజూ జేబులు తడమడం బడి చేయవలసిన పని కాదు.

మధ్యాహ్న విరామం గురించి ఎవరూ ముందుగా చెప్పరు. ఫోన్లు లేని తొలి వారంలో వరండాల్లో సందడి పెరుగుతుంది. చిన్న చిన్న తగాదాలు కూడా పెరుగుతాయి, ఎందుకంటే ఇంతవరకు తెర మీద జరిగిన మాటలు ముఖాముఖి మొదలవుతాయి. డ్యూటీ ఉపాధ్యాయులను ఒకరిద్దరిని అదనంగా వేయండి. లైబ్రరీ విరామంలో తెరిచి ఉంచండి, బంతులు, క్యారమ్ బోర్డులు, చదరంగం బల్లలు బయట పెట్టండి. ఒంటరిగా ఉండే పిల్లలకు ఫోను ఒక చాటుగా ఉపయోగపడుతుంది. అది లేని రోజున వాళ్లు ఎక్కడ కూర్చుంటున్నారో క్లాస్ టీచర్లు గమనించాలి. నా దృష్టిలో విరామంలో ఉపాధ్యాయులు చేయవలసిన ముఖ్యమైన పని ఇదే.

మినహాయింపులు నియమంతో పాటే పుట్టాలి, గొడవ జరిగాక కాదు. మధుమేహం ఉన్న పిల్లల్లో కొందరికి ఒంటి మీద అతికించిన సెన్సరు నుంచి రక్తంలో చక్కెర స్థాయి నేరుగా ఫోనుకు చేరుతుంది. స్థాయి పడిపోతే ఫోనే హెచ్చరిస్తుంది. ఆ ఫోనును స్విచాఫ్ చేయించడం ప్రమాదం. కొన్ని రకాల వినికిడి యంత్రాలను ఫోనుతోనే సరిచేసుకోవాలి. చూపు సరిగా లేని పిల్లలు బోర్డును ఫోనుతో పెద్దది చేసుకుని చదువుకుంటారు. ఇంట్లో మంచం పట్టిన తల్లినో తండ్రినో చూసుకునే బిడ్డలూ ఉంటారు. వీరికి ప్రిన్సిపాల్ సంతకంతో ఒక కార్డు ఇవ్వండి, అది ఉపాధ్యాయులందరికీ తెలియాలి, కారణం మాత్రం తెలియవలసినవారికే తెలియాలి. మినహాయింపు పొందిన వారి పేర్లు న్యూస్‌లెటర్‌లో గానీ గ్రూపుల్లో గానీ ఎప్పుడూ రాకూడదు. ఢిల్లీ హైకోర్టు 2025లో ఒక కేంద్రీయ విద్యాలయ విద్యార్థి కేసులో ఇచ్చిన మార్గదర్శకాలు చదవదగినవి. ఫోన్లను పూర్తిగా నిషేధించడం వాంఛనీయమూ కాదు, ఆచరణ సాధ్యమూ కాదంటూనే, వీలున్న చోట ఫోన్లను తీసుకుని భద్రపరచాలని, తరగతి గదిలో వాడనివ్వరాదని, భద్రత కోసం కబురు అందే వీలు ఉండాలని, విధానాన్ని తల్లిదండ్రులతోనూ ఉపాధ్యాయులతోనూ సంప్రదించి రూపొందించాలని ఆ న్యాయస్థానం చెప్పింది.

నియమం తప్పినవారి ఫోను స్వాధీనం చేసుకోవడం గురించి. మొదటిసారి అయితే ఆ సాయంత్రమే విద్యార్థికి ఇచ్చేయండి. రెండోసారి తల్లిదండ్రులు వచ్చి తీసుకోవాలి. ఆ తర్వాత కూడా జరిగితే, కొంతకాలం పాటు ఉదయమే ఆఫీసులో స్వయంగా అప్పగించే ఏర్పాటు చేయండి. వారాల తరబడి అట్టిపెట్టుకోవడం, జరిమానా వేయడం, అందరి ముందు పగలగొట్టడం వంటివి వద్దు. శిక్ష పెద్దదైనకొద్దీ దాన్ని వేయడానికి ఉపాధ్యాయులు వెనకాడతారు. చిన్న శిక్ష ప్రతిసారీ, అందరికీ ఒకేలా పడాలి. తీసుకున్న ఫోనును తెరిచి చూడవద్దని ఉపాధ్యాయులకు రాతపూర్వకంగా చెప్పండి. నాకు తెలిసిన ఒక పాఠశాలలో ఒక ఉపాధ్యాయుడు, అమ్మాయి ఫోనులోని మెసేజీలు తెరిచి చదివి స్టాఫ్ రూమ్‌లో చెప్పారు. దానితో ఆ అమ్మాయి తప్పు మరుగున పడి ఉపాధ్యాయుని తప్పే పెద్దదైంది, ఆ ఏడాది అక్కడ ఫోన్ల నియమం గురించి మాట్లాడే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఫోనులో మరో బిడ్డకు హాని చేసే ఫొటోలు ఉన్నాయన్న అనుమానం వస్తే, వాటిని చూడడం, కాపీ చేయడం, ‘సాక్ష్యం కోసం’ మరొకరికి పంపడం ఏవీ చేయకండి. పిల్లల అశ్లీల చిత్రాలను దగ్గర ఉంచుకోవడం, పంపడం చాలా దేశాల్లో నేరం, పంపినది ఉపాధ్యాయుడైనా సరే. ఫోనును కవరులో పెట్టి సీలు వేసి, ప్రిన్సిపాల్ ద్వారా తల్లిదండ్రులకూ చట్టప్రకారం సంబంధిత అధికారులకూ తెలియజేయాలి.

ఇంతకన్నా సున్నితమైన మాట ఒకటి చెప్పాలి. పిల్లల చేత ఫోను వాడించేది చాలా చోట్ల పాఠశాలే. ఉదయం ఫోను తీసుకుంటారు, రాత్రి తొమ్మిదింటికి ‘రేపటి ప్రాజెక్టు ఇది’ అని వాట్సాప్‌లో పెడతారు. టైంటేబుల్ మార్పు గ్రూపులో వస్తుంది, నోట్సు పీడీఎఫ్‌గా వస్తుంది, పోటీల్లో పేరు ఇవ్వాలంటే క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమంటారు. ఇలా చేస్తూ ‘ఫోను అవసరం లేదు’ అని రాస్తే ఏ తల్లి నమ్ముతుంది? హోంవర్కు బోర్డు మీద రాసి డైరీలో రాయించాలి. డైరీలో లేని పని మరునాడు అడగకూడదు. పాఠంలో నిజంగా పరికరం అవసరమైతే పాఠశాల కంప్యూటర్లు గానీ ట్యాబ్లెట్లు గానీ వాడాలి. ఉపాధ్యాయులు కూడా పాఠం చెబుతూ ఫోను చూడకూడదు. అత్యవసర సమాచారం కోసం తరగతి గదిలో ఉపాధ్యాయుని ఫోను ఉండవచ్చు కానీ అది బల్ల సొరుగులో ఉండాలి. ఈ రెండు విషయాల మీద స్టాఫ్ మీటింగ్‌లో ఒప్పందం కుదరనంత వరకు తల్లిదండ్రులకు సర్క్యులర్ పంపవద్దని నా గట్టి సలహా.

మీ రెండో సందేహం, అత్యవసర పరిస్థితి. తల్లిదండ్రుల భయాన్ని కొట్టిపారేయకండి, అది నిజమైన భయం. కానీ పెద్ద ప్రమాదం జరిగినప్పుడు వందల మంది పిల్లలు ఒకేసారి ఫోన్లు తీస్తే ఏమవుతుందో వారికి వివరంగా చెప్పండి. ఉపాధ్యాయుని సూచన వినవలసిన క్షణంలో అందరి కళ్లూ తెర మీద ఉంటాయి. ఒక బిడ్డ ఊహించి పంపిన మాట పది ఇళ్లలో నిజమై కూర్చుంటుంది. తల్లిదండ్రుల వాహనాలు గేటు ముందు నిండిపోయి అంబులెన్సుకు దారి ఉండదు. ఇంత చెప్పాక పాఠశాల వైపు నుంచి ఏం చేస్తారో కూడా చెప్పాలి. కబురు పంపే అధికారం ఎవరిది, వారు లేకపోతే ఎవరిది, ఏ నంబరు నుంచి వస్తుంది అన్నవి ముందే ప్రకటించండి. మెసేజి నమూనా సిద్ధంగా ఉండాలి. ఏం జరిగింది, పిల్లలు ఎక్కడ ఉన్నారు, తల్లిదండ్రులు ఏం చేయాలి, మళ్లీ ఎప్పుడు తెలియజేస్తారు అనే నాలుగే విషయాలు అందులో ఉండాలి. ఉదాహరణకు:

‘సైన్స్ ల్యాబ్‌లో చిన్న మంట రేగి ఆరిపోయింది. ఎవరికీ గాయాలు కాలేదు. విద్యార్థులందరూ మైదానంలో ఉన్నారు, హాజరు తీసుకున్నాం. దయచేసి ఇప్పుడు పాఠశాలకు రావద్దు. 11:30కి మళ్లీ సమాచారం ఇస్తాం.’

11:30కి చెప్పడానికి కొత్త సంగతి ఏమీ లేకపోయినా ఆ మెసేజి వెళ్లి తీరాలి. ఏడాదికి ఒకసారైనా ఈ వ్యవస్థను పరీక్షించి, ‘ఇది పరీక్ష మాత్రమే’ అని తల్లిదండ్రులకు పంపి, ఎన్ని నంబర్లకు చేరలేదో చూసుకోండి. మారిపోయిన నంబర్లు అప్పుడే బయటపడతాయి.

ఇక న్యూస్‌లెటర్. ఒకే సంచికలో, క్రీడోత్సవం ఫొటోల కింద, ‘వచ్చే సోమవారం నుంచి ఫోన్లు నిషేధం’ అని పెట్టకండి. కనీసం మూడు సంచికలు తీసుకోండి. మొదటి సంచికలో పాఠశాల ఏం ఆలోచిస్తోందో చెప్పి తల్లిదండ్రుల అభిప్రాయం అడగండి. రెండో సంచికలో ముసాయిదా నియమంతో పాటు, వచ్చిన అభ్యంతరాలలో ముఖ్యమైనవీ వాటికి మీ జవాబులూ ఇవ్వండి. మార్చుకున్నది ఏదైనా ఉంటే అది కూడా చెప్పండి. మూడో సంచికలో తుది నియమం రావాలి. దాని వాచకం ఇలా ఉండవచ్చు:

‘కొత్త విద్యా సంవత్సరం మొదటి రోజు నుంచి విద్యార్థులు తమ ఫోన్లను, స్మార్ట్ వాచీలను ఉదయం హాజరు సమయంలో తరగతి పెట్టెలో ఉంచుతారు. చివరి గంట తర్వాత తిరిగి తీసుకుంటారు. ఈ మధ్యలో మీ బిడ్డకు ఏదైనా చెప్పవలసి ఉంటే ఆఫీసుకు ఫోన్ చేయండి. అత్యవసరమైన మాటను వెంటనే, మిగతావాటిని ఆ పీరియడ్ పూర్తయ్యాక అందజేస్తాం. మీ బిడ్డ మీతో మాట్లాడవలసి వస్తే ఆఫీసు ఫోను నుంచి మాట్లాడవచ్చు. ఆరోగ్య కారణాల వల్ల గానీ మరే కారణం వల్ల గానీ ఫోను దగ్గర ఉండవలసిన విద్యార్థుల తల్లిదండ్రులు ప్రిన్సిపాల్‌ను విడిగా కలవగలరు.’

ఇందులో బెదిరింపు లేదు, ఉపన్యాసం లేదు, ఈ తరం పిల్లల మీద నిట్టూర్పులు లేవు. శిక్షల వివరాలు విడిగా నియమావళిలో ఉంటే చాలు. పట్టుబడిన ఫోన్ల కుప్ప ఫొటో గానీ, ‘ఈ వారం ఇన్ని ఫోన్లు పట్టుకున్నాం’ అనే లెక్క గానీ ఎప్పుడూ ప్రచురించకండి. అది పిల్లలను దొంగల వరుసలో నిలబెట్టడమే అవుతుంది. దానికి బదులు నియమం మొదలైన నెలకు, ఆఫీసు ద్వారా కబుర్లు ఎలా అందుతున్నాయో, ఎక్కడ ఆలస్యమైందో, దాన్ని ఎలా సరిచేశారో రాయండి. తల్లిదండ్రులు ఎదురుచూసేది ఆ వార్త కోసమే. మెసేజి చదవలేనివారికి ఇదే విషయాన్ని వాయిస్ మెసేజిగా పంపండి, అచ్చు ప్రతిని గేటు దగ్గరి నోటీసు బోర్డులో పెట్టండి, ఒక ప్రతిని పిల్లల డైరీలో అతికించి సంతకం తెప్పించండి.

తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులను న్యూస్‌లెటర్‌కు ప్రత్యామ్నాయంగా వాడవద్దు. పాఠశాల నడిపే గ్రూపులో అడ్మిన్లు మాత్రమే పంపేలా సెట్టింగు పెట్టి, దాన్ని న్యూస్‌లెటర్ పంపడానికీ అత్యవసర సమాచారానికీ పరిమితం చేయండి. ప్రశ్నలకు ఆఫీసు నంబరు, నిర్ణీత వేళలు ఇవ్వండి. తల్లిదండ్రులు తమలో తాము పెట్టుకున్న గ్రూపుల్లోకి ఉపాధ్యాయులు వెళ్లి వాదించకూడదు. అక్కడ పుట్టిన పుకారుకు జవాబు తర్వాతి న్యూస్‌లెటర్‌లోనో, మరీ తొందరైతే పాఠశాల నంబరు నుంచి విడి మెసేజిగానో రావాలి. పిల్లల ఫొటోలు వేసే ముందు తల్లిదండ్రుల అనుమతి తీసుకోవడం మీకు అలవాటే అయి ఉంటుంది. ఫోన్ల గురించి పిల్లలకు జాగ్రత్తలు చెబుతున్న సమయంలో ఆ అనుమతుల జాబితాను మరోసారి సరిచూసుకోవడం మంచిది.

మొదలుపెట్టే తేదీ విషయంలో మీ ప్రిన్సిపాల్ నిర్ణయం సరైనదే. ఫ్రాన్స్ 2018లో 15 ఏళ్ల లోపు విద్యార్థుల విషయంలో చట్టం చేసినప్పుడు దాన్ని సెప్టెంబరులో, బడులు తెరిచే రోజు నుంచే అమలు చేసింది. ఏడాది మధ్యలో నియమం మారిస్తే పిల్లలకు అది తమ నుంచి లాక్కున్నట్టు ఉంటుంది, మొదటి రోజు నుంచే ఉంటే అది ఆ తరగతి పద్ధతి అవుతుంది. ఏడాది మధ్యలోనే తేక తప్పని పరిస్థితి వస్తే పరీక్షల వారాన్ని, విహారయాత్రకు ముందు రోజులను వదిలేయండి. విహారయాత్రల్లో ఏం చేయాలన్నది విడిగా రాసుకోండి. బస్సులో ఉన్నంతసేపూ ఇదే నియమం వర్తిస్తుంది, రాత్రి బస ఉంటే ఇంటితో మాట్లాడుకోవడానికి ఒక గంట కేటాయించాలి, బృందాన్ని నడిపే ఉపాధ్యాయుని నంబరు ప్రతి ఇంటి దగ్గరా ఉండాలి.

మీ ముసాయిదా తయారయ్యాక ఇక్కడ పెట్టండి. మినహాయింపుల భాగాన్నీ, నష్టపరిహారం గురించిన వాక్యాన్నీ ముందుగా చూసి చెబుతాను, తల్లిదండ్రుల సమావేశంలో ప్రశ్నలు ఎక్కువగా వచ్చేది ఆ రెండింటి మీదే.